కాలువలున్న ఊళ్లో వారం వారం ఓరియెంటీరింగ్: అడవి లేకపోతే ఏమీ నష్టం లేదండి

ముందు మీ ప్రశ్నని రెండు ముక్కల్లో రాసుకుంటాను, తర్వాత చదివేవాళ్ళకి కూడా అందాలి కదా. మీది భీమవరం. ఓరియెంటీరింగ్, అంటే మ్యాపు పట్టుకుని అందులో గుర్తుపెట్టిన చోట్లన్నీ చుట్టి వచ్చే ఆట, వీడియోల్లో చూశారు, వారానికి ఒక సాయంత్రం ఊళ్లోనే, ఎనిమిదేళ్ళ పిల్లల నుంచి డెబ్భై దాటిన పెద్దల దాకా అందరూ ఆడేలా పెట్టాలనుకుంటున్నారు. కానీ ఊళ్లో అడవి లేదు, గుట్ట లేదు, నేలంతా బల్లపరుపు, రోడ్ల మీద బళ్ళు, మ్యాపు ఎవరు గీస్తారో తెలీదు. ఇలాంటి ఊళ్లో కుదురుతుందా అని అడిగారు.

కుదురుతుంది. మేం అమలాపురంలో నాలుగేళ్ళుగా బుధవారం బుధవారం ఆడుతున్నాం, తుఫాను వారాలు, పండగ వారాలు తప్ప. నేను రిటైరైన డ్రాఫ్ట్స్‌మన్‌ని, గీతలు గీయడమే నా బతుకు, ఆటల మనిషిని కాను. 2018 చివర్లో కోడలి పురిటికని మెల్‌బోర్న్ వెళ్ళి ఆరు నెలలు ఉన్నాం. అక్కడ వాళ్ళకి డిసెంబరు, జనవరి నెలలు ఎండాకాలం, రాత్రి ఎనిమిదిన్నర దాకా వెలుతురు ఉంటుంది. ఆ నెలల్లో వారం మధ్యలో సాయంత్రాలు ఒక్కోరోజు ఒక్కో పేటలో పార్కు దగ్గర జనం పోగై, తలా ఒక మ్యాపు పట్టుకుని వీధుల్లో పడతారు. పరిగెత్తేవాళ్ళు పరిగెత్తుతారు, నడిచేవాళ్ళకి వేరే విభాగం ఉంటుంది. నా వయసువాళ్ళు, నాకంటే పెద్దవాళ్ళు కూడా కనపడేసరికి ఇదేదో మన ఊళ్లోనూ పెట్టొచ్చు అనిపించింది.

ఆట తెలియనివాళ్ళ కోసం నాలుగు మాటలు. మ్యాపు మీద ఒక త్రికోణం ఉంటుంది, అది బయలుదేరే చోటు. ఒకదానిలో ఒకటిగా రెండు వృత్తాలు ఉంటే అది ముగింపు. మధ్యలో ఊదారంగు వృత్తాలు, వాటికి నంబర్లు. వాటి అసలు పేరు కంట్రోల్, మా ఊళ్లో మాత్రం అందరూ పాయింటే అంటారు, నేనూ అదే రాస్తాను. ప్రతి పాయింటు దగ్గరికి వెళ్ళినట్టు రుజువు తెచ్చుకుని టైములోపల తిరిగి రావాలి. ఏ దారిన వెళ్ళాలో ఎవరూ చెప్పరు, అది మీ ఇష్టం, ఆటంతా అందులోనే ఉంది. స్వీడన్, నార్వే అడవుల్లో పుట్టిన ఆట ఇది. జనం కోసం పెట్టిన మొదటి పోటీ 1897లో నార్వేలో జరిగింది, అంతర్జాతీయ సమాఖ్య 1961లో ఏర్పడింది. ఊళ్లలో, వీధుల్లో పొట్టి దూరాల స్ప్రింట్ పోటీ ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లోకి వచ్చింది 2001లో. కాబట్టి అడవి లేదని చిన్నబుచ్చుకోకండి, వీధుల ఆటకీ సొంత మ్యాపు పద్ధతి, సొంత రూల్సు ఉన్నాయి.

ఇప్పుడు అసలు సంగతి. నేను మొదట్లో చేసిన తప్పు మీరు చేయకూడదనే ఇంత పొడుగు సమాధానం. ఊరు బల్లపరుపుగా ఉంది కదా, ఆటలో పస ఉండదేమో అని నాకూ బెంగ ఉండేది. అందుకని మొదటి నెల పాయింట్లన్నీ విచిత్రమైన మూలల్లో పెట్టాను, గోడల వెనక, సందు చివర చెత్తకుండీ దగ్గర, అలా. దాంతో అది వెతుకులాటగా, దొంగాపోలీసుగా తయారైంది, మ్యాపు చూసే పని లేకుండా పోయింది. ఐదో వారం అనుకోకుండా కాలువకి రెండు ఒడ్డులా పాయింట్లు పడ్డాయి. ఆ సాయంత్రం తిరిగొచ్చినవాళ్ళు గంటసేపు ఇంటికి పోలేదు. నువ్వు ఏ వంతెన మీదుగా వెళ్ళావు, నేను కిందిదాని మీదుగా వచ్చాను, నాకు రెండు నిమిషాలు కలిసొచ్చింది, కాదు నువ్వు సంతలో ఇరుక్కున్నావు, ఇదే గొడవ. అప్పుడర్థమైంది, కొండ ప్రాంతంవాళ్ళకి కొండ ఎలాగో మన డెల్టావాళ్ళకి కాలువ అలాగ. ఎక్కి దిగాలా, చుట్టూ తిరగాలా అని వాళ్ళు ఆలోచిస్తారు. ఎగువ వంతెనా, దిగువ వంతెనా అని మనం ఆలోచిస్తాం.

ఇది నేనేదో కొత్తగా కనిపెట్టింది కాదండి. ఇటలీలో వెనిస్ తెలుసు కదా, ఊరంతా కాలువలూ చిన్న చిన్న వంతెనలూ, సందులోకి వెళ్తే చివర్లో నీళ్ళు. 2014లో ప్రపంచ ఛాంపియన్‌షిప్ స్ప్రింట్ ఫైనల్ అక్కడే పెట్టారు. నేల చూస్తే మనకంటే పల్లం. వాళ్ళకి పనికొచ్చిన కాలువలు మనకి పనికిరాకుండా పోతాయా?

ఒక్క ఉదాహరణ చెప్తాను, కొలతలతో సహా. మా మ్యాపు 1:5000, అంటే కాగితం మీద ఒక సెంటీమీటరు నేల మీద యాభై మీటర్లు. ఒక సాయంత్రానికి పెట్టే పాయింట్లన్నీ కలిపి కోర్సు అంటాం. మా దగ్గర వాటిని ఏ వరసలోనైనా పట్టుకోవచ్చు, ఒక్కోదానికి ఇన్ని మార్కులని ఉంటుంది. పోయిన ఏడాది ఒక కోర్సులో 7వ పాయింటు కాలువకి ఇవతల స్కూలు గేటు దగ్గర, 8వ పాయింటు సరిగ్గా ఎదురుగా అవతలి ఒడ్డున రేవు మెట్ల దగ్గర. మ్యాపు మీద రెండింటికీ మధ్య దూరం ఎనిమిది మిల్లీమీటర్లు. ఇక్కడ నిలబడితే అక్కడ బట్టలుతుక్కుంటున్నవాళ్ళు కనపడతారు. కానీ వెళ్ళాలంటే ఎడమవైపు పెద్ద వంతెన చుట్టూ ఏడొందల మీటర్లు, కుడివైపు చిన్న వంతెన చుట్టూ ఐదొందల మీటర్లు, అయితే కుడివైపు దారి కూరగాయల బజారు మధ్యలోంచి. ఇంటర్ కుర్రాళ్ళు ఇద్దరు దూరం తక్కువని కుడివైపు పరిగెత్తి తోపుడుబళ్ళ మధ్య ఇరుక్కున్నారు. అరవై ఎనిమిదేళ్ళ లెక్కల మేష్టారు ఒకాయన గేటు దగ్గర ఒక్క క్షణం నిలబడి, మ్యాపంతా చూసి, అసలు 7 నుంచి 8కి వెళ్ళడమే మానేసి, ఇవతలి ఒడ్డు పాయింట్లన్నీ పూర్తిచేసుకుని, ఎలాగూ ముగింపుకి వచ్చేటప్పుడు దాటాల్సిన పెద్ద వంతెన ఒక్కసారే దాటి, 8ని చివర్లో పట్టుకున్నారు. ఆయన నడుస్తూనే ఉన్నారు, మోకాళ్ళ నొప్పులు కూడా. కుర్రాళ్ళ మీద నలభై మార్కులు ఎక్కువ. అన్ని వయసులవాళ్ళకీ ఒకే ఆట ఎలా సరిపోతుందని మీరు అడిగారు కదా, ఇలా సరిపోతుంది.

అందుకే మీరు వరస తప్పకుండా వెళ్ళే పద్ధతితో మొదలుపెట్టకండి, స్కోరు పద్ధతి పెట్టండి. ఇరవై పాయింట్లు, దగ్గరవాటికి పది, దూరంవాటికి ఇరవై, ముప్పై మార్కులు, ఏ వరసలోనైనా పట్టుకోవచ్చు, అన్నీ పట్టుకోనక్కర్లేదు. మెల్‌బోర్న్‌లో చూసి నేనూ గంట పెట్టబోయాను కానీ మన ఉక్కపోతలో నలభై ఐదు నిమిషాలు చాలు. ఆలస్యమైతే నిమిషానికి పది మార్కులు కోత. ఈ కోత విషయంలో మొహమాటపడొద్దు. మొదట్లో నేను ఒక నిమిషమే కదా అని వదిలేస్తే మూడో వారానికి అందరూ పావుగంట ఆలస్యంగా వచ్చారు, సభకి వచ్చినట్టు.

మ్యాపు. మీరు గీయక్కర్లేదు, సగం గీసే ఉంది. ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ అని అందరూ కలిసి గీసే ప్రపంచ పటం ఉంది కదా, దాన్నుంచి వీధుల ఓరియెంటీరింగ్ మ్యాపు తయారుచేసి ఇచ్చే ఓపెన్‌ఓరియెంటీరింగ్‌మ్యాప్ అనే ఉచిత సైటు ఉంది. మీ పేట దగ్గరికి జరుపుకుని, స్కేలు ఎంచుకుని, పాయింట్లు పెట్టుకుంటే పీడీఎఫ్ వచ్చేస్తుంది. ఏ4 కాగితం మీద 1:5000లో సుమారు కిలోమీటరు వెడల్పు, కిలోమీటరున్నర పొడవు పడుతుంది. నలభై ఐదు నిమిషాల నడకకి అది సరిగ్గా సరిపోతుంది. కంప్యూటర్ బాగా తెలిసినవాళ్ళు ఎవరైనా దొరికితే ఓపెన్‌ఓరియెంటీరింగ్ మ్యాపర్, పర్పుల్ పెన్ అనే సాఫ్ట్‌వేర్లు ఉన్నాయి, రెండూ ఉచితమే, రెండో ఏడాది వాటి సంగతి చూసుకోవచ్చు.

సగం అని ఎందుకన్నానంటే, మన టౌన్లలో మెయిన్ రోడ్లు సరిగానే ఉంటాయి కానీ సందులు, పుంతలు, కాలినడక వంతెనలు చాలావరకు ఆ పటంలో ఉండవు. ఉన్నవాటిలో కొన్ని మధ్యలో గోడ కట్టేసి మూసుకుపోయి ఉంటాయి. అందుకని సైకిల్ వేసుకుని పేట మొత్తం తిరగాలి. మా పటానికి నాకు పదిహేను సాయంత్రాలు పట్టింది. తిరుగుతూ ఫోనులోనే ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లోకి ఎక్కించేస్తే ఊరికీ ఉపయోగం. కాలువ మీద ఉన్న ప్రతి దాటే చోటూ చూసి రాసుకోండి, వంతెనకి రెయిలింగు ఉందా, మెట్లున్నాయా, వీధి దీపం వెలుగుతోందా. రెయిలింగు లేనివాటి మీద ఊదారంగు అడ్డగుర్తు వేసేయండి, అంటే అది దాటకూడదు అని. లాకు తలుపుల మీద నడిచేవాళ్ళుంటారు మన ఊళ్లలో, అలవాటు కొద్దీ. దాన్ని మ్యాపులో దారిగా పొరపాటున కూడా చూపించకండి.

ప్రింటు దగ్గర నాకు జరిగిన అవమానం కూడా చెప్తాను. కలర్ ప్రింటు కాగితానికి పది రూపాయలవుతుందని పొదుపు చేసి మాస్టర్ కాపీ ఒకటి కలర్‌లో తీసి మిగతావి మామూలు జిరాక్సు కొట్టించాను. జిరాక్సులో నీలం కాలువ బూడిదరంగు పట్టీగా వచ్చింది. ఊళ్లో అన్నిటికంటే వెడల్పైన రోడ్డు అదే అన్నట్టు కనపడింది. కొత్తగా వచ్చిన డాక్టరుగారు ఒకాయన, ట్రాన్స్‌ఫర్ మీద వచ్చి నెలయిందంతే, మ్యాపు చూసి "ఈ బైపాస్ పట్టుకుంటే తిన్నగా నాలుగు పాయింట్లు వచ్చేస్తాయండీ" అని ధీమాగా బయలుదేరారు. వెళ్ళి చూస్తే గుర్రపుడెక్క. ఇప్పటికీ కనపడితే బైపాస్ ఎలా ఉందండీ అని నన్నే అడుగుతారు. కాబట్టి కాలువల వరకైనా నీలం స్కెచ్ పెన్నుతో అలలు గీయండి, లేదా కలర్‌కి డబ్బు పెట్టండి. పెద్దవాళ్ళకి ఏ3లో పెద్ద అక్షరాలతో నాలుగైదు కాపీలు వేరే ఉంచండి. కళ్ళజోడు మర్చిపోయాం అని ప్రతివారం ఇద్దరు ముగ్గురు తప్పకుండా అంటారు.

పాయింటు దగ్గరికి వెళ్ళినట్టు రుజువు ఎలా? అడవిలో అయితే ముప్పై సెంటీమీటర్ల నారింజ తెలుపు జెండాలు కడతారు, పంచింగ్ మిషన్లు పెడతారు. మన సెంటర్లలో కడితే పావుగంటలో ఎవరో పట్టుకుపోతారు, ఎంత ముచ్చటగా ఉందోనని. మేం ప్రశ్నల పద్ధతి పెట్టుకున్నాం. రామాలయం ధ్వజస్తంభం దగ్గర దాత పేరేమిటి, రేవుకి ఎన్ని మెట్లు, కాటన్ దొర విగ్రహం ఎటు చూస్తోంది, కరెంటు స్తంభం నంబరు ఎంత, గ్రంథాలయం మూసే టైము ఎంత. జవాబు కాగితం మీద రాసుకొస్తే చాలు. చూడ్డానికి సులువే కానీ ప్రశ్న రాయడం ఒక విద్య. శిలాఫలకం మీద సంవత్సరం ఎంత అని అడిగాను ఒకసారి. దాని మీద శంకుస్థాపన సంవత్సరం ఒకటి, ప్రారంభోత్సవం సంవత్సరం ఒకటి, పక్కనే పునర్నిర్మాణం రాయి ఇంకొకటి. ఆ రాత్రి తగాదా తీర్చేసరికి నాకు అన్నం చల్లారిపోయింది. ఫ్లెక్సీలు, వాల్‌పోస్టర్లు అస్సలు వద్దు, మధ్యాహ్నం చూసిన పుట్టినరోజు ఫ్లెక్సీ సాయంత్రానికి ఉండదు. మెట్లు కూడా జాగ్రత్త, కాలువలో నీరు పెరిగితే మెట్లు తగ్గుతాయి.

ఫోనుతో ఆడాలనుకుంటే మ్యాప్‌రన్ అనే యాప్ ఉంది, ఆస్ట్రేలియావాళ్ళు తయారుచేసింది, ఆడేవాళ్ళకి ఉచితం. పాయింటుకి పదిహేను మీటర్ల దగ్గరికి వెళ్తే జీపీఎస్‌తో అదే పసిగట్టి చప్పుడు చేస్తుంది, లెక్క కూడా అదే వేస్తుంది. కోర్సు ఎక్కించడం మొదట్లో కొంచెం తలనొప్పి, నేర్చుకుంటే పరవాలేదు. కాకపోతే నా అభిప్రాయం మొహమాటం లేకుండా చెప్తున్నా, కాగితం మానొద్దు. ఫోను చేతిలో ఉంటే పిల్లలు మ్యాపు వదిలేసి స్క్రీన్‌నే చూస్తూ నడుస్తారు, అదీ బళ్ళ మధ్యలో. మేం కాగితం అందరికీ, యాప్ కావాలన్నవాళ్ళకి అని పెట్టుకున్నాం. ఇంకో సంగతి, కాలువ ఇరుకుగా ఉన్నచోట పాయింటు సరిగ్గా ఒడ్డునే పెడితే అవతలి ఒడ్డున నిలబడ్డా యాప్ మోగుతుంది, వంతెన దాటే శ్రమ తప్పించుకుంటారు. కుర్రాళ్ళు దీన్ని రెండో వారమే కనిపెట్టారు. నాకు తెలిసింది నెల తర్వాత. అప్పట్నుంచి యాప్ పాయింట్లు ఒడ్డుకి ముప్పై మీటర్లు లోపలికి జరిపాను.

దిక్కుల గురించి. కంపాస్ కొనాలా అని అడిగారు, ఊళ్లో ఆడేందుకు అక్కర్లేదు. ఒకసారి వాట్సాప్ గ్రూపులో "ఉన్నవాళ్ళు కంపాస్ తీసుకురండి" అని పెడితే పిల్లలందరూ వృత్తలేఖిని ఉన్న జామెట్రీ బాక్సులు పట్టుకొచ్చారు, తప్పు వాళ్ళది కాదు. రెండు మూడు దిక్సూచులుంటే సరదాకి చూపించండి. మన ప్రాంతంలో అయస్కాంత ఉత్తరానికీ అసలు ఉత్తరానికీ తేడా ఒక డిగ్రీకి అటూఇటుగానే ఉంటుంది కాబట్టి దిద్దుబాట్ల గోల కూడా లేదు. నేర్పాల్సిన అసలు విద్య ఒక్కటే, మీరు ఎటు తిరిగితే మ్యాపుని అటు తిప్పి, మ్యాపు మీద ఉత్తరం నేల మీద ఉత్తరం వైపే ఉండేలా పట్టుకోవడం. మీరు నమ్మరు కానీ ఇది పిల్లలకంటే పెద్దవాళ్ళకి తొందరగా వస్తుంది. మనవాళ్ళకి వాస్తు పుణ్యమా అని ఈశాన్యం ఎటు అంటే నిద్రలో లేపి అడిగినా చెప్తారు. గూగుల్ బాణం గుర్తు చూసి పెరిగిన పిల్లలకి కుడి, ఎడమ తప్ప తూర్పు, పడమర లేవు. మా దగ్గర ఏడో తరగతి పిల్ల ఒకతి వాళ్ళ నాయనమ్మతో వచ్చేది. పిల్ల నంబర్లు చదివేది, నాయనమ్మ "గుడి ముఖం తూర్పుకి, అంటే మనకి వీపు వెనక కాలవ, కాయితం ఇలా తిప్పవే" అని తిప్పించేది. ఇద్దరూ కలిసి చాలామందిని ఓడించారు.

ఏ వారం, ఏ టైము అన్నది చిన్న విషయం కాదు. మంగళవారం మొదలుపెడదామంటే పెద్దవాళ్ళు ఒప్పుకోరు. గురువారం బాబా గుడి, శుక్రవారం ఇంట్లో పూజ, శనివారం వెంకటేశ్వరస్వామి, ఆదివారం పెళ్ళిళ్ళు, సినిమాలు. సోమవారం అనుకుంటే కార్తీక మాసం నెలంతా పోతుంది, మీ భీమవరంలో సోమేశ్వరుడి గుడి ఉంది కాబట్టి ఆ రద్దీ మీకు చెప్పక్కర్లేదు. అలా ఏరితే మిగిలింది బుధవారం. ఏది పెట్టుకున్నా మార్చకండి, టైము మార్చకండి, మొదలయ్యే చోటు కూడా మార్చకండి. మెల్‌బోర్న్‌లో చోటు మారుస్తూ ఉంటారు, అక్కడ అందరికీ కార్లు. మన దగ్గర "ఈ వారం ఎక్కడండీ" అని అడగాల్సి వచ్చిందంటే పదిమందిలో నలుగురు ఆగిపోతారు. మేం ఒకే టీ కొట్టు దగ్గర మొదలుపెట్టి మ్యాపునే మారుస్తాం, ఒక వారం ఉత్తరం పేటలు, ఒక వారం కాలువ అవతల. ఆ కొట్టాయన మా వల్ల బుధవారం బజ్జీలు అదనంగా వేస్తాడు, మా సామాను సంచీ వారమంతా ఆయన దగ్గరే ఉంటుంది.

డిసెంబరులో మనకి ఐదున్నరకే పొద్దు వాలిపోతుంది, జూన్‌లో ఆరున్నర దాటుతుంది. మేం ఏడాది పొడుగునా ఐదున్నరకి మొదలుపెడతాం. చలికాలంలో దీపాలున్న వీధుల్లోనే పాయింట్లు, ప్రతివాళ్ళ చేతిలో టార్చి, లేత రంగు చొక్కా. కాలువగట్లు, ఏటిగట్లు చీకటి పడ్డాక వద్దే వద్దు, పాములు తిరిగే చోట్లు. ఊరి అంచుకి కోర్సు పెడితే ఇంకో గొడవ ఉంది. సార్వా కోతలప్పుడు నవంబరు, డిసెంబరుల్లో, దాళ్వా కోతలప్పుడు ఏప్రిల్‌లో రోడ్డు మీద ధాన్యం ఆరబోస్తారు. దాని మీద ఒక్క కాలు పడితే రైతు ఊరుకోడు, ఊరుకోకూడదు కూడా. ఆ నెలల్లో అటువైపు మ్యాపు తీయం.

వేసవిలో కాలువలకి నీళ్ళు ఆపేశాక అసలు పరీక్ష. నీళ్ళు పోయి అడుగు కనపడేసరికి కుర్రాళ్ళకి దారి దొరికినట్టే. దిగి అటు ఎక్కేస్తే ఐదొందల మీటర్లు ఆదా. మొదటి వేసవి ఒకడు అలాగే దిగి మోకాలి లోతు బురదలో చెప్పు పోగొట్టుకుని, ఒంటికాలి చెప్పుతో అన్ని పాయింట్లూ పట్టుకుని వచ్చి నేనే ఫస్టు అన్నాడు. సున్నా వేశాం. పగిలిన సీసాలు, ఇనప ముక్కలు అన్నీ ఆ అడుగునే ఉంటాయి. రూలు ఒకటే వాక్యం, నీళ్ళున్నా లేకపోయినా కాలువ కాలువే. దాన్ని మ్యాపు మీదే అచ్చు వేయించండి.

ఇక పిల్లల భద్రత. పన్నెండేళ్ళలోపు పిల్లలు పెద్దవాళ్ళు లేకుండా వెళ్ళకూడదు, పద్దెనిమిది లోపువాళ్ళు ఇద్దరిద్దరుగా వెళ్ళాలి, మ్యాపు మూలన నిర్వాహకుల ఫోను నంబరు ఉండాలి, పెద్ద రోడ్డుకి రెండువైపులా పాయింట్లు పెట్టి పదే పదే దాటించకూడదు. పెద్ద రోడ్డునే మ్యాపు సరిహద్దుగా పెట్టుకుంటే అన్నిటికంటే మంచిది. కుక్కలున్న సందుల్లో పరిగెత్తొద్దని ముందే చెప్పండి. కరిస్తే పుండుని సబ్బుతో, పారే నీటి కింద పావుగంట కడిగి అదే రాత్రి ప్రభుత్వాసుపత్రికి వెళ్ళి టీకా వేయించాలి, రేపు చూద్దాం అనకూడదు.

వీటన్నిటికంటే ముఖ్యం పేర్ల పుస్తకం. బయలుదేరేటప్పుడు పేరు, టైము, ఇంటి ఫోను నంబరు రాసుకోవాలి, వచ్చాక కొట్టేయాలి. రెండో నెలలో ఒక రాత్రి ఏడుంపావుకి చూస్తే ఒక పేరు మిగిలిపోయింది, తొమ్మిదో తరగతి కుర్రాడు. జోడీగా వెళ్ళినవాడు వచ్చేశాడు, "వాడు మధ్యలో ఎటో వెళ్ళాడండీ" అన్నాడు. ఇంటికి ఫోను చేస్తే ఎత్తలేదు. వర్షాకాలం, కాలువ నిండుగా ఉంది. టార్చీలు పట్టుకుని గట్టు పొడుగునా రెండు వైపులా నడిచాం, నీళ్ళ మీద వెలుతురు వేసి చూస్తుంటే నా చెయ్యి వణికింది, ఎవరూ ఒకళ్ళతో ఒకళ్ళు మాట్లాడలేదు. అరగంట తర్వాత వాళ్ళ అమ్మగారు ఫోను చేశారు. వాడికి ఆకలేసి తిన్నగా ఇంటికెళ్ళి దోసెలు తింటున్నాడట. ఆ రోజు నుంచి రూలు, ఓడిపోయినా, మానేసినా, కాలు బెణికినా ముగింపు దగ్గరికి వచ్చి మొహం చూపించాల్సిందే. ప్రపంచమంతా ఈ ఆటలో ఉన్న రూలే ఇది, నేనే తేలిగ్గా తీసుకున్నాను. జోడీని వదిలేసి వచ్చినవాడికి కూడా ఆ వారం మార్కులుండవు.

ఊరివాళ్ళకి ముందే చెప్పండి. మున్సిపాలిటీలో ఒక కాగితం, పోలీసు స్టేషన్‌లో ఒక కాగితం ఇచ్చి నకలు మీద ముద్ర వేయించుకుని జేబులో పెట్టుకోండి. అదొక్కటే సరిపోదు, సందుల్లో కూడా చెప్పాలి. మొదటి వారాల్లో ఒక సందులో పెద్దావిడ అరుగు మీద కూర్చుని ఉంది, ఎదురింటి స్తంభం నంబరు మా పాయింటు. వరసగా జనం రావడం, కాగితం చూడటం, స్తంభానికి టార్చి వేయడం, ఏదో రాసుకోవడం, వెళ్ళిపోవడం. ఆవిడకి టెన్షన్ పట్టుకుంది. "రోడ్డు వెడల్పు చేస్తారా బాబూ, మా అరుగు పోతుందా" అని అడిగింది. ఆట అని చెప్తే నమ్మలేదు, ఇంత వయసొచ్చి ఆటేమిటి అంది నన్ను చూసి. మ్యాపు చేతికిచ్చి వాళ్ళ ఇల్లు వేలు పెట్టి చూపించాకగానీ ఊరట పడలేదు. ఇప్పుడు ఆ సందులో పాయింటు పెట్టడానికి లేదు. ఎవరైనా కాగితంతో కనపడితే చాలు, అడక్కుండానే నంబరు గట్టిగా చదివి చెప్పేస్తుంది.

స్థానికులకి సందులన్నీ తెలుసు కదా, ఇంక మ్యాపెందుకు అని కొందరు అంటారు. గ్యాస్ సిలిండర్లు వేసే కుర్రాడు, డ్వాక్రా మీటింగులకి ఇంటింటికీ తిరిగే ఆడవాళ్ళు మా దగ్గర మొదట్లో బాగానే గెలిచారు, గెలవనివ్వండి, వాళ్ళు గెలిచిన వారమే మిగతా ఆడవాళ్ళు రావడం మొదలైంది. కానీ మ్యాపులో వీధి పేర్లు తీసేసి, ఇరవై పాయింట్లని ఏ వరసలో కలపాలి అన్న ప్రశ్న పెడితే తెలిసిన ఊరు కూడా కొత్తగా కనపడుతుంది. నాకే పుట్టి పెరిగిన ఊళ్లో రెండు కాలినడక వంతెనలు అరవై ఏళ్ళు దాటాక తెలిశాయి.

డబ్బు విషయం త్వరగా చెప్పేస్తాను. పెద్దవాళ్ళకి ఇరవై రూపాయలు, పిల్లలకి లేదు. ప్రింట్లకి, మంచినీళ్ళకి, ఫస్ట్ ఎయిడ్ డబ్బాకి సరిపోతుంది. బహుమతులు వద్దు. ఒక ఏడాది ఎవరో స్టీలు డబ్బాలు స్పాన్సర్ చేస్తామంటే ఒప్పుకున్నాను, ఆ నెలంతా తగాదాలే. మార్కులు బోర్డు మీద రాసి ఫోటో గ్రూపులో పెడితే చాలు. కోర్సు వేసే పని మాత్రం ఒక్కరే మోయకండి. నలుగురు వంతులు వేసుకుని, ఎవరి వంతు వచ్చినవాళ్ళు రెండు రోజుల ముందు సాయంత్రం పాయింట్లన్నీ ఒకసారి నడిచి చూసుకోవాలి. ఆడే మ్యాపులు పది తయారుచేసుకుంటే ఏడాది తిరగేయొచ్చు.

మొదటి వారం ఎంతమంది వస్తారో అని బెంగపెట్టుకోకండి, మాకు ఐదుగురు, అందులో ఒకరు మా ఆవిడ. మీకు మా కంటే పెద్ద వరం ఉంది, యనమదుర్రు డ్రెయిన్ ఊరి మధ్యలోంచి పోతోంది. వన్ టౌన్‌లో సగం పాయింట్లు, టూ టౌన్‌లో సగం పాయింట్లు పెడితే మిగతా ఆట దానంతట అదే తయారవుతుంది. ముందు ఒక పని చేయండి. ఈ ఆదివారం సైకిల్ మీద ఆ డ్రెయిన్ పొడుగునా వెళ్ళి, మనిషి నడిచి దాటగలిగే వంతెనలు ఎన్ని, ఒక్కోదానికీ రెయిలింగు ఉందా, దీపం ఉందా రాసి ఇక్కడ పెట్టండి. మొదటి కోర్సు నేను గీసి పంపిస్తాను.